ఉంచాలా, పీకెయ్యాలా?

ఉద్యాన విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు ఒక బహిరంగ లేఖ

వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉపకులపతులకు,



కడియం పక్కన ఒక పల్లెటూరి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. పోయిన మాఘమాసంలో మా ఊరి నర్సరీలో పనిచేసే కుర్రాడొకడు తెల్లవారగానే మా ఇంటికి వచ్చాడు. చేతిలో నల్ల కవరు, అందులో మోకాలెత్తు మందార మొక్క. దానికి ఒకే ఒక్క పువ్వు. పసుపు మీద ఇటుక రంగు చారలు, మధ్యలో తెల్లని మెరుపు. రెండు మందారాలకు తానే పుప్పొడి రాసి, కాయ కట్టించి, గింజ మొలిపించి, పద్నాలుగు నెలలు పెంచిన మొక్క అది.

“బాబాయిగారండీ, మొత్తం ఇరవై ఏడు మొక్కలు బతికాయండి. అందులో పూసిన మొదటిది ఇదే. ఉంచమంటారా, పీకెయ్యమంటారా?” అని అడిగాడు.

“మూడేళ్లు చూసి చెప్పాలి రా” అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. మూడేళ్లు ఏం చూడాలి, ఎవరు చూడాలి, చూసింది ఎక్కడ రాసుకోవాలి అని వాడు అడగలేదు కానీ, అడిగి ఉంటే చూపించడానికి నాకు ఒక చోటు లేదు. ఆ చోటు మీరు ఏర్పాటు చెయ్యగలరు. అది అడగడానికే ఈ లేఖ.

మొక్కను చూసి తీర్పు చెప్పే ఈ చూపు నేను నేర్చుకున్నది మందారాల దగ్గర కాదు, ఐరిస్ పూల దగ్గర. అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని సేలం ఊళ్లో పందొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. ఆ ఊరున్న విలామెట్ లోయలో శీతకాలమంతా సన్నగా వాన, వేసవి పొడి. ఐరిస్ దుంపకు కావలసింది సరిగ్గా అదే. 1925లో మిన్నెసోటాలో మొదలైన ష్రైనర్ కుటుంబం వారి తోట 1940లలో సేలంకు తరలి వచ్చింది కూడా అందుకే. మే నెల చివర ఆ లోయలో పొలాలు పొలాలే రంగులు తిరుగుతాయి. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయింది. ఇంటి వెనక పావు ఎకరంలో కొత్త ఐరిస్ రకాలు పుట్టించేది. నాకు విద్య చెప్పిన గురువు ఆవిడే.

ఐరిస్ మన నేల పువ్వు కాదు కనుక దాని రూపం కాస్త చెబుతాను. కత్తుల్లా నిలబడే ఆకులు, అల్లంలాగా నేలపైకి సగం తేలి ఉండే దుంప, నడుమెత్తుకు లేచే కాడ. పువ్వుకు ఆరు రేకులు. మూడు పైకి లేచి గోపురంలా కలుసుకుంటాయి, మూడు కిందికి వాలతాయి. వాలిన రేకు మొదట్లో గొంగళిపురుగు పాకినట్టు నూగు చార ఒకటి ఉంటుంది. దాన్ని గడ్డం అంటారు. పుప్పొడి దగ్గరికి తేనెటీగను నడిపించే దారి అది. గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత పేరే ఈ పువ్వు పేరు.

పూసిన దుంప మళ్లీ పూయదు, గెల వేసిన అరటి మళ్లీ గెల వెయ్యనట్టే. పక్కన పుట్టిన పిలకలే వచ్చే ఏడు పూస్తాయి. పిలక తీసి నాటితే తల్లి పువ్వే వస్తుంది. గింజ నాటితే మాత్రం ఒకే కాయలోని ముప్పై గింజలూ ముప్పై రకాలుగా వస్తాయి. మామిడి టెంక సంగతి ఎరిగినవాళ్లం, మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

మే నెలలో పువ్వుకు పువ్వు కలుపుతారు. ఒక పువ్వు నుంచి పుప్పొడి కాడను చిన్న పటకారుతో తీసి, ఇంకో పువ్వులో పుప్పొడిని అందుకునే సన్నటి పెదవి మీద రాస్తారు. తేనెటీగ వాలడానికి తావు లేకుండా వాలు రేకులు తుంచేస్తారు. తల్లి పేరు, తండ్రి పేరు రాసిన చీటీ కాడకు కడతారు. కాయ ఎండి పగలడానికి రెండు నెలలు పైన పడుతుంది. శరదృతువులో గింజ నాటితే, చలికాలపు తడిలో నాని, వసంతంలో మొలుస్తుంది. ఆ మొలక పూసేది పై ఏడు మే నెలలో. అంటే పుప్పొడి రాసిన చెయ్యి పువ్వును చూడడానికి రెండేళ్లు ఆగాలి. అసలు పని మొదలయ్యేది అప్పుడే.

పూల రోజుల్లో ఆవిడ తెల్లవారుజామునే వరసల్లోకి దిగేది. ఒక చేతిలో ఎర్ర రిబ్బను చుట్ట, ఇంకో చేతిలో నోటుపుస్తకం. ఉంచదలచిన మొక్కకు రిబ్బను కట్టేది. నేను వెళ్లిన మొదటి ఉదయం ఒక ఊదా రంగు పువ్వు దగ్గర వంగి నిలబడిపోయాను. ఆవిడ నా భుజం పట్టుకుని పది అడుగులు వెనక్కి లాగింది. “పువ్వు తరవాత. ముందు మొక్కను చూడు” అంది.

మొక్కను చూడడమంటే ముందు కాడను చూడడం. పొడవు జాతి గడ్డం ఐరిస్ అనిపించుకోవాలంటే కాడ 70 సెంటీమీటర్లు దాటాలి. చివరన ఒక పువ్వు కాక కనీసం మూడు కొమ్మలుండాలి, అన్నీ కలిపి ఏడు మొగ్గలైనా ఉండాలి. ఒక్కో పువ్వు రెండు మూడు రోజులే ఉంటుంది కనుక, మొగ్గలు తక్కువైతే వారంలో పండగ అయిపోతుంది. మొగ్గలు చాలినన్ని ఉన్నా అన్నీ ఒకేసారి విచ్చితే ఒకదాన్నొకటి నలిపేసుకుంటాయి. ఒకటి వాడే వేళకు ఇంకొకటి విచ్చాలి. కొమ్మలు కాడకు అతుక్కుపోతే పువ్వుకు చోటు చాలదు, మరీ చాచుకుంటే కాడ బరువు ఓపదు. గుళ్లో దీపపు సెమ్మె కొమ్మల్లా ఎడం ఎడంగా, దేని చోటులో అది నిలబడాలి.

తరవాత రేకు. ఉదయం ఏడింటికి ప్రతి పువ్వూ బాగానే ఉంటుంది. అందుకని ఆవిడ మధ్యాహ్నం రెండింటికి మళ్లీ వచ్చేది. పలచని రేకు అప్పటికి తడిగుడ్డలా వేలాడుతుంది. దళసరి రేకు పొద్దుట ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఎండకు వెలిసిపోయే నీలాలను, గులాబీలను ఆ వేళే పట్టుకోవాలి. వాన పడిన రోజున మళ్లీ వచ్చేది. వాన వెలిసిన వెంటనే తోట చూసినవాడికి ఏ కాడ నిజంగా నిలబడిందో తెలుస్తుంది. మూడో రోజున పువ్వు ఎలా వాడుతుందో కూడా రాసుకునేది. శుభ్రంగా ముడుచుకుని ఎండేది ఒకటి, మురికి పట్టి పక్క మొగ్గకు అంటుకునేది ఒకటి.

పూలు అయిపోయాక చూసేవాళ్లు తగ్గిపోతారు. చూడవలసింది మాత్రం అప్పుడు ఎక్కువ. ఆకుల మీద మచ్చ ఉందా? దుంప మెత్తబడి కుళ్లు వాసన వస్తోందా? పిలకలు ఎన్ని? కొన్ని మొక్కలు ఉన్న పిలకలన్నీ ఒకే ఏడు పూసేసి, మరుసటి ఏడుకు ఏమీ మిగుల్చుకోకుండా చచ్చిపోతాయి. పూల రోజున అంతకన్నా నిండైన మొక్క తోటలో ఉండదు. పిలకలు లెక్కపెట్టినవాడు ఆ నిండుదనానికి మోసపోడు.

ఇవన్నీ దాటిన మొక్కకు ఒక్క ప్రశ్న మిగులుతుంది. ఇది ఇప్పటికే ఉన్న రకాలకన్నా ఏం మేలు? నమోదైన ఐరిస్ రకాలు పదుల వేలల్లో ఉన్నాయి. అందంగా ఉండడం చాలదు, ఇంతవరకు లేనిదేదో తేవాలి. అక్కడే ఎన్నో రిబ్బన్లు విప్పేసేవాళ్లం. ఆవిడ వరసల్లో ఒక ఏడు నాలుగు వందల పై చిలుకు మొక్కలు పూస్తే రిబ్బను కట్టినవి పదీ పన్నెండు. వాటిని వేసవిలో తవ్వి, కొత్త మడిలో ఎడంగా నాటి, ఇంకో మూడు నాలుగేళ్లు ఇదే చూపు చూసేది. చివరికి ఒకటి మిగిలితే ఆ ఏడు మంచి ఏడు. పుప్పొడి రాసిన రోజు నుంచి పదిమంది చేతుల్లో పెట్టే రోజు దాకా ఎనిమిదేళ్లు, పదేళ్లు.

నేను ఆవిడ దగ్గర రెండు వరసలు అడిగి తీసుకుని నా సంకరాలు నేను చేశాను. మొదటిసారి పూసిన వాటిలో లేత నారింజ మీద గులాబీ తిరిగిన పువ్వు ఒకటి వచ్చింది. అంత మెత్తటి రంగు నేను అంతకుముందు చూడలేదు. మా అమ్మ పేరు పెట్టుకున్నాను. పక్కింటావిడకు చెబితే, “పేరు పెట్టకు, నెంబరు రాయి. పేరు పెట్టినదాన్ని చేతులారా పీకలేవు” అంది. నేను వినలేదు. ఆ మొక్కకు అన్నదమ్ముల్లాంటివి అదే కాయ గింజల నుంచి ఇంకో పదిహేను ఉన్నాయి. వాటిలో ఒకటి ఆవపిండి కలిపిన నీళ్ల రంగులో పూసింది. దాన్ని పీకి ఎరువు కుప్ప మీద వేశాను. ఆవిడ ఏమీ అనకుండా కుప్ప మీది నుంచి తీసి, కంచె పక్కన పాతింది.

రెండో ఏడు మే నెలలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. అమ్మ పేరు పెట్టిన మొక్క కాడలు మూడూ నేల మీద పడుకున్నాయి. ఒక్కో కాడకు నాలుగే మొగ్గలు, అందులో రెండు ఒకేసారి విచ్చి నలిగిపోయాయి. మరుసటి శీతకాలం దుంప కుళ్లి మొక్కే పోయింది. కంచె పక్కది మాత్రం ఎనిమిది మొగ్గలతో, మచ్చ లేని ఆకులతో, తాటిచెట్టులా నిలబడింది. ఆ పువ్వు ఎవరినీ ఆపదు. కానీ దాన్ని మంచి రంగున్న ఇంకో మొక్కతో కలిపితే వచ్చిన పిల్లలకు ఆ కాడ వచ్చింది, ఆ ఆరోగ్యం వచ్చింది, రంగు రెండోవైపు నుంచి వచ్చింది. సేలంలో నేను వదిలి వచ్చిన మంచి మొక్కలన్నీ ఆ ఆవపిండి రంగు మొక్క సంతానమే. అందం చూసి ఏరితే ఒక్క పువ్వు దక్కుతుందని, గుణం చూసి ఏరితే వంశం దక్కుతుందని నాకు ఆ కంచె పక్కన అర్థమైంది.

ఐరిస్ చరిత్రలో ఇలాంటి మొక్క అందరికీ తెలిసినది ఒకటుంది. ఇండియానా రాష్ట్రంలోని బ్లఫ్టన్ అనే చిన్న ఊళ్లో పాల్ కుక్ అని ఒక పెంపకందారు ఉండేవాడు. బాల్కన్ ప్రాంతపు పొట్టి అడవి ఐరిస్ రైకెన్‌బాకీకి, షైనింగ్ వాటర్స్ అనే నీలి రకానికి సంకరం చేశాడు. అందులోంచి వచ్చిన ఒక మొక్కకు ప్రొజెనిటర్, అంటే వంశానికి మూలపురుషుడు, అని పేరు పెట్టి 1951లో నమోదు చేశాడు. పొడవు లేదు, దర్జా లేదు. పై రేకులు పాలిపోయి, కింది రేకులు మాత్రం ముదురుగా ఉన్న మామూలు పువ్వు. ఇంకొకరైతే ఎరువు కుప్పకే పంపేవారు. కుక్ ఆ రెండు రంగుల తేడానే చూశాడు. అంతకుముందు తెల్ల పై రేకులు, రంగు కింది రేకులు ఉన్న ఐరిస్‌లను పుట్టించడం చాలా కష్టంగా ఉండేది. ఆ గుణం పిల్లలకు సులభంగా దిగేది కాదు, మొక్కలు బలహీనంగా ఉండేవి. ప్రొజెనిటర్‌లో అదే గుణం తేలిగ్గా పిల్లలకు దిగే రూపంలో ఉంది. దాని సంతతి నుంచి మెలోడ్రామా, ఎమ్మా కుక్, హోల్ క్లాత్ వచ్చాయి. హోల్ క్లాత్ 1962లో డైక్స్ మెడల్ అందుకుంది. అమెరికాలో ఐరిస్‌కు ఇచ్చే అన్నిటికన్నా పెద్ద గౌరవం అది. ఈనాటి రెండు రంగుల ఐరిస్‌లలో లెక్కలేనన్నిటికి ఆ మామూలు మొక్కే పూర్వీకురాలు.

అయ్యా, ఈ పనులు చేసిన వాళ్లెవరో కూడా చూడండి. డైక్స్ మెడల్ ఎవరి పేరున ఉందో ఆ విలియం రికాట్సన్ డైక్స్ ఇంగ్లండులో బడి పంతులు. 1913లో ఆయన ప్రచురించిన ఐరిస్ జాతుల గ్రంథం ఇప్పటికీ ప్రామాణికం. ఆయనకు ముందు సర్ మైకేల్ ఫాస్టర్ కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. తూర్పు దేశాల్లో ఉన్న మిషనరీల చేత దుంపలు తెప్పించుకుని తన ఇంటి తోటలో పెంచేవాడు. యూరప్ తోటల్లోని పాత ఐరిస్‌లకు 24 క్రోమోజోములు. టర్కీ వైపు నుంచి వచ్చిన పెద్ద పూల రకాలకు 48. ఫాస్టర్ కాలంలో ఈ లెక్క ఎవరికీ తెలియదు. పువ్వు పరిమాణం చూసి, కాడ బలం చూసి, కంటితోనే ఏరుకున్నాడు. శాస్త్రం తరవాత వచ్చి ఆ కన్ను చూసింది నిజమేనని చెప్పింది. గులాబీ రంగు ఐరిస్‌లను 1940లలో లోకానికి ఇచ్చిన డేవిడ్ హాల్ షికాగో దగ్గర న్యాయవాది. ఏళ్ల తరబడి వరసలు వేసి, పీకి, మళ్లీ వేసి ఆ రంగు తెచ్చాడు. ఆయన చెరీ అనే రకం 1951లో డైక్స్ మెడల్ తీసుకుంది.

వీళ్లు ఇంటి తోటల వాళ్లే అయినా ఒంటరి వాళ్లు మాత్రం కాదు. 1920లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో అమెరికన్ ఐరిస్ సొసైటీ పుట్టింది. ఉల్లిలాంటి గడ్డల రకాలు తప్ప మిగతా ఐరిస్ పేర్లను ప్రపంచమంతటికీ నమోదు చేసే బాధ్యత 1955 నుంచి ఆ సంఘానిదే. సొసైటీ ఏటా ఒక్కో ఊళ్లో సభ పెడుతుంది. సభ జరగబోయే ప్రాంతపు తోటలకు పెంపకందార్లు ముందుగానే తమ కొత్త మొక్కలను పంపుతారు. వాటిని అతిథి ఐరిస్‌లు అంటారు. పేరు పెట్టని మొక్క అయితే నెంబరుతోనే వెళుతుంది. పరాయి నేల మీద, పరాయి వానలో, పక్కన వేరేవాళ్ల మొక్కల మధ్య పెరుగుతుంది. శిక్షణ పొందిన న్యాయనిర్ణేతలు, ఎక్కువమంది తోటల మీద ఇష్టంతో జీతం లేకుండా పనిచేసేవాళ్లు, వచ్చి చూస్తారు. సొంత తోటలో ప్రేమతో చూసిన కళ్లకు కనపడని లోపం అక్కడ బయటపడుతుంది. సేలంలో మా పక్కింటావిడ మొక్క ఒకటి అలా తూర్పు రాష్ట్రాలకు వెళ్లి, అక్కడి చలికి తట్టుకోలేక తిరిగి రాలేదు. ఆవిడ ఆ నెంబరు కొట్టేసి, కింద “తెలిసింది” అని ఒక్క మాట రాసుకుంది.

నాలుగేళ్ల కిందట నేను మా ఊరు తిరిగి వచ్చాను. ఐరిస్ ఇక్కడ పనికిరాదు. గోదావరి తేమకు దుంప కుళ్లుతుంది, చలి చాలక మొగ్గ వెయ్యదు. పువ్వు తేలేకపోయినా పద్ధతి తేవచ్చు. ఆ పద్ధతికి కావలసిన చేతులు కడియంలో ఉన్నంతగా ఇంకెక్కడా నేను చూడలేదు. కడియపులంక దారి పట్టుకుని నడిస్తే రెండు వైపులా మొక్కలే. అంటు కట్టడంలో, కొమ్మ నాటడంలో, నారు బతికించడంలో మా వాళ్లకు సాటి లేదు. ఎక్కడో పుట్టిన రకాన్ని తెచ్చి నెలల్లో వేలుగా పెంచగలరు. ఆ చేతులకే ఒక కొత్త రకాన్ని పుట్టించే ఓపిక, దాన్ని చూసి తీర్పు చెప్పే చూపు నేర్పితే ఏమవుతుంది? హైదరాబాదు మిద్దె తోటల్లో సాయంత్రాలు గడిపే వందల మందికి నేర్పితే?

మన దగ్గర ఈ విద్య కొత్తదేమీ కాదు. పేరున్న మన మామిళ్లు ఎన్నో ఒకప్పుడు ఎవరి దొడ్లోనో మొలిచిన టెంక మొక్కలే. ఎవరో రుచి చూసి, ఇది పోకూడదని అంటు కట్టారు. పద్ధతిగా చేసిన సంకరాలూ ఉన్నాయి. కోడూరులో రుమానీకి ముల్గోవాను కలిపి ఏ.యూ. రుమానీ తెచ్చారు. సంగారెడ్డిలో రుమానీకి నీలం కలిపి మంజీర తెచ్చారు. మన దేశంలో గోధుమ వంగడాలకు పేరుపడ్డ డాక్టర్ బి.పి. పాల్ తీరిక వేళల్లో గులాబీలు పుట్టించారు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. భార్య గిరిజతో కలిసి, వేడి దేశాలకు తగిన గులాబీల కోసం మన ఈశాన్య కొండల రోజా జైగాంటియాను, తడి నేలల్లో పెరిగే రోజా క్లైనోఫిల్లాను తోట గులాబీలతో కలిపారు. చలి దేశాల గులాబీ మన ఎండకు ఎందుకు ఓర్చుకోవాలి, మన ఎండలో పుట్టిన గులాబీ కావాలి అన్నది వారి ఆలోచన. మందారానికీ, చామంతికీ, కనకాంబరానికీ ఆ ఆలోచన ఎవరు చేస్తారు?

నేను అడిగేది పెద్ద పథకం కాదు. మీ పరిశోధన మడుల పక్కన ఒక అర ఎకరం ఇవ్వండి. వెంకటరామన్నగూడెంలో ఒకటి, ములుగులో ఒకటి, రాయలసీమ గాలికి అనంతరాజుపేటలో ఒకటి. ఇంటి తోటల వాళ్లు, నర్సరీల వాళ్లు తమ గింజ మొక్కల నుంచి కట్టిన అంట్లను నెంబరుతో అక్కడికి పంపుతారు. పేరు, ఊరు మీ పుస్తకంలో ఉంటాయి, మడిలో నెంబరే ఉంటుంది. వచ్చిన మొక్కను నెల రోజులు విడిగా ఉంచాలి. పిండినల్లి ఒక్క మొక్కతో వచ్చి మడి అంతా పాకుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. తరవాత మూడేళ్లు మూడు చోట్లా పెంచాలి. గోదావరి ఉక్కలో బాగున్నది దక్కను వేసవిలో ఏమవుతుందో ఇంకో దారిలో తెలియదు.

చూసేవాళ్లకు తెలుగులో ఒక చీటీ తయారుచెయ్యండి. మందారానికైతే ఏమేం చూడాలి? రోహిణి ఎండల్లో ఎన్ని మొగ్గలు విచ్చకుండా రాలుతున్నాయి? పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రం దాకా రేకు నిలబెడుతోందా? సొంత వేరు మీద బతుకుతుందా, అంటు కడితేనే బతుకుతుందా? కుండీలో గుబురుగా వస్తుందా, కర్రలా సాగుతుందా? పిండినల్లి పట్టిన ఏడు తిరిగి చిగురించిందా? చామంతికైతే కాడ బలం, పువ్వు కోశాక ఎన్ని రోజులు నిలుస్తుంది, మూటలో నలిగితే రేకు రాలుతుందా అన్నవి. ఈ ప్రశ్నలు రాయడంలో మీ ఆచార్యులకన్నా తెలిసినవాళ్లు లేరు. పూలు కట్టే అమ్మలను, సంతలో పూలు అమ్మేవాళ్లను కూడా ఆ చీటీ రాసే రోజున కూర్చోబెట్టండి. రోజంతా పువ్వును చేత్తో పట్టుకునేది వాళ్లే.

ఏటా రెండుసార్లు ఆ మడుల తలుపులు తెరవండి. మీ విద్యార్థులతో పాటు బయటివాళ్లూ చీటీలు పట్టుకుని వరసల్లో నడవాలి. ఏది ఎందుకు మిగిలిందో, ఏది ఎందుకు పోయిందో అక్కడే అందరి ముందు చెప్పాలి. చివరికి నిలిచినవాటిని ఒక పుస్తకంలో రాయండి. తల్లిదండ్రులెవరు, పుట్టించినదెవరు, ఏ ఏడు, ఏ ఊరు అన్నవి. రైతు చేతిలో పుట్టిన రకానికి కూడా హక్కు ఉంటుందని 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ఒప్పుకుంది. ఆ చట్టం దాకా వెళ్లడానికి కావలసిన కాగితం, మూడేళ్ల సాక్ష్యం, పేద నర్సరీ కూలికి మీరే ఇవ్వగలరు.

దీనికి రాగల అభ్యంతరం నాకు తెలుసు. తలుపు తెరిస్తే ఊరూరి నుంచి పనికిరాని మొక్కలన్నీ వచ్చి పడతాయని అనవచ్చు. వస్తాయి. ఐరిస్ తోటల్లో కూడా పూసినవాటిలో దాదాపు అన్నీ పనికిరానివే. అందుకే తీసేయడం నేర్పమంటున్నాను. ఎవరూ నేర్పకపోతే మనిషి తన చేత్తో పుట్టించిన ప్రతి మొక్కా అద్భుతమే అనుకుంటాడు, లేదా ఏదీ లెక్కలోకి రాదని నిరాశపడి మానేస్తాడు. చూపు నేర్చినవాడు తన ఇరవై ఏడింటిలో ఇరవై అయిదింటిని ఇంటి దగ్గరే పీకేస్తాడు. మీ దాకా వచ్చేవి ఆ మిగిలిన రెండే.

ఆ కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు నేను వాడికి ఇరవై ఏడు రేకు ముక్కల మీద నెంబర్లు గీసి ఇచ్చాను. ఒక నోటుపుస్తకం ఇచ్చాను. మొదట పూసిన ఆ పసుపు చారల మొక్కకు ఒకటో నెంబరు. వైశాఖం వచ్చింది. ఒకటో నెంబరు వేసిన మొగ్గలన్నీ గింజంత ఉండగానే రాలిపోయాయి. వాడే రోజూ కింద పడ్డ మొగ్గలు ఏరి లెక్క రాశాడు. నన్నేమీ అడగకుండానే ఒక సాయంత్రం దాన్ని పీకేశాడట. మూడు వానలు పడ్డాక మళ్లీ వచ్చి పదకొండో నెంబరు చూపించాడు. పువ్వు చిన్నది, మామూలు ఎరుపు. కానీ ఎండలన్నీ దాటి ఒక్క రోజు మానకుండా పూసింది. ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

ఈసారి వాడు ఉంచాలా, పీకెయ్యాలా అని అడగలేదు. “ఇది మన ఊళ్లో బాగానే ఉందండి. సిద్దిపేట వైపు, కడప వైపు ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుందండి బాబాయిగారూ?” అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉంది. దయచేసి ఆ అర ఎకరం ఇప్పించండి.

ఇట్లు,
కడియం మండలం నుంచి
ఒక పూల మొక్కల పెంపకందారు